రామోన్స్‌కి నాది 9, ఆయనది 4: మేమిద్దరం వింటున్నది ఒకే ఆల్బమేనా?

మూడుకార్డులు అడిగిన ప్రశ్న

నాకు పంక్, మా ఆయనకు పాప్. వారానికి రెండు ఆల్బమ్‌లు మొదటి పాట నుంచి చివరిదాకా విని, ఒకరి మార్కులు ఒకరికి చూపించకుండా పదికి వేసుకుంటాం. ఇప్పటిదాకా లెక్క ఇదీ, నాది ముందు, ఆయనది తర్వాత:

రామోన్స్ మొదటి ఆల్బమ్ (1976): 9, 4
బ్లాండీ, ‘ప్యారలల్ లైన్స్’ (1978): 8, 9
ద స్పెషల్స్ మొదటి ఆల్బమ్ (1979): 8, 8
మ్యాడ్‌నెస్, ‘వన్ స్టెప్ బియాండ్’ (1979): 7, 8
ద క్లాష్, ‘లండన్ కాలింగ్’ (1979): 9, 6
నో డౌట్, ‘ట్రాజిక్ కింగ్‌డమ్’ (1995): 5, 8

స్కా (జమైకాలో పుట్టిన సంగీతం, పై పట్టికలో స్పెషల్స్, మ్యాడ్‌నెస్) దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలిసిపోతున్నాం. ఎందుకంటారు? రామోన్స్ మీద ఆయన ఫిర్యాదు: “గిటారు ఎక్కడో పక్కింట్లో గీరుతున్నట్టుంది, పైగా పాటలన్నీ ఒకటే.” నాకేమో ఆ గిటారు గోడలా వచ్చి మీద పడుతుంది. ‘ట్రాజిక్ కింగ్‌డమ్’ నాకు సాగదీసినట్టు అనిపించింది. వినేది ఫోన్‌లో, ఒకే జత ఇయర్‌ఫోన్స్ చెరొకటి పెట్టుకుని. కుడిది నాది, ఎడమది ఆయనది. ఇకముందు ఏం వినాలి? మార్కులు వేసే పద్ధతి ఏమైనా మార్చాలా?

---

బేస్‌లైన్

జవాబు మీ ప్రశ్నలోనే ఉందండీ. కుడిది మీరు, ఎడమది ఆయన.

రామోన్స్ మొదటి ఆల్బమ్‌ని అరవైల నాటి స్టీరియో రికార్డుల పద్ధతిలో మిక్స్ చేశారు. గొంతు, డ్రమ్స్ మధ్యలో, జానీ గిటారు కుడివైపు, డీ డీ బేస్ ఎడమవైపు. కాస్త అటూ ఇటూ కాదు, దాదాపు పూర్తిగా చెరో వైపు. అంటే మీరు విన్నది గిటారు ఆల్బమ్, ఆయన విన్నది బేస్ ఆల్బమ్. పక్కింట్లో గీరినట్టు ఉందన్నారంటే ఆయన చెవి సరిగ్గానే పనిచేస్తోంది. ఎడమ ఛానెల్‌లోకి కారిన కాస్త గిటారే ఆయనకు దక్కింది. బేస్ కూడా గిటారు కార్డుల వెంటే నడిచే బ్యాండు కాబట్టి, గిటారు తీసేస్తే పాటలన్నీ ఒకటే అనిపించడంలో వింత లేదు.

నమ్మకం కుదరకపోతే ఒక్కరే కూర్చుని మొదటి పాట పెట్టండి. పది సెకన్లు కుడిది తీసేసి, పది సెకన్లు ఎడమది తీసేసి వినండి.

పరిష్కారం తేలికే. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, ఆడియో అండ్ విజువల్‌లోకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చెయ్యండి, కుడి ఎడమలు కలిసిపోయి రెండు చెవులకీ ఒకటే వినపడుతుంది. ఆండ్రాయిడ్‌లోనూ యాక్సెసిబిలిటీలోనే ఉంటుంది, మెనూ పేరు కంపెనీని బట్టి మారుతుంది, సెర్చ్‌లో ‘మోనో’ అని కొడితే దొరుకుతుంది. అక్కడే ఉన్న బ్యాలెన్స్ గీత నడిమధ్యలో ఉందో లేదో కూడా చూడండి.

ఒక చిక్కు ఉంది. మోనోలో మధ్యనున్న గొంతు, డ్రమ్స్ అలాగే ఉంటాయి కానీ పక్కలకు తోసిన వాయిద్యాలు రెండు చెవులకీ పంచుకుపోయి తగ్గుతాయి. ఆయన 4 పెరిగినా, మీ గోడ కాస్త పలచబడి మీ 9 తగ్గొచ్చు. ఆ ఆల్బమ్ నలభయ్యేళ్ల సందర్భంగా 2016లో వచ్చిన ఎడిషన్‌లో ప్రత్యేకంగా చేసిన మోనో మిక్స్ ఉంది. ఇలా వినేవాళ్లకు అదే మేలు. అన్నిటికంటే మేలు ఇద్దరికీ ఎదురుగా స్పీకర్లు పెట్టుకోవడం.

పాప్ ఆల్బమ్‌ల దగ్గర ఈ గొడవ తక్కువ. గొంతు, బేస్, కిక్ డ్రమ్ మధ్యలో ఉంటాయి, ఒక చెవితో విన్నా పాట చేతికొస్తుంది. తొంభైల పాప్ పంక్‌లో సాధారణంగా ఒకే గిటారు భాగాన్ని రెండుసార్లు వాయించి చెరోవైపు పెడతారు కాబట్టి అక్కడా పెద్ద నష్టం లేదు. చెరో చెవి పద్ధతి ఆయన ఆల్బమ్‌లకు అనుకూలంగా, మీ ఆల్బమ్‌లకు అడ్డంగా పనిచేసింది.

---

పాతక్యాసెట్

దానికి తోడు శబ్ద స్థాయి చూసుకోండి. ఒకే వాల్యూమ్ దగ్గర 1979 నాటి మాస్టర్ (విడుదలకు సిద్ధం చేసిన చివరి రికార్డింగ్) పక్కన తొంభైల చివర్లో శబ్దాన్ని గట్టిగా నొక్కి బిగ్గర చేసిన మాస్టర్ పెడితే, రెండోది ముందుకు దూకుతుంది. చెవి దాన్ని ‘బాగుంది’ అని చదువుకుంటుంది. ఒక డెసిబెల్ తేడా ఉన్నా చాలు.

స్పాటిఫైలో నార్మలైజేషన్ (రికార్డులన్నిటి బిగ్గరతనాన్ని ఒకే స్థాయికి తెచ్చే సెట్టింగ్) ఆన్ చేసి ‘నార్మల్’ దగ్గర పెట్టండి. అది -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనానికి కొలత). ‘లౌడ్’ వద్దు, -11కి లాగడంలో నెమ్మదైన రికార్డుల మీద లిమిటర్ (శబ్దం ఎగసిన చోట అణిచేసే సాధనం) పడుతుంది. ఆపిల్ మ్యూజిక్‌లో దీని పేరు సౌండ్ చెక్.

షఫుల్ మాత్రం పెట్టకండి. ఆల్బమ్‌ని వరసగా వింటే మొత్తానికి ఒకే సవరణ పడుతుంది, పాటకీ పాటకీ ఉన్న హెచ్చుతగ్గులు మిగులుతాయి. షఫుల్‌లో ఒక్కో పాటకు విడిగా సవరిస్తుంది. అప్పుడు ‘డోంట్ స్పీక్’ లాంటి నెమ్మది పాట ‘స్పైడర్‌వెబ్స్’ స్థాయికి వచ్చి కూర్చుంటుంది.

ఎడిషన్ కూడా రాసిపెట్టుకోండి. పాత ఆల్బమ్ పేరుతో దొరికేది చాలాసార్లు తర్వాతి రీమాస్టర్, చివర్లో నాలుగైదు డెమోలు తగిలించి ఉంటుంది. వాటికీ కలిపి మార్కులు వేస్తే అసలు ఆల్బమ్ నష్టపోతుంది.

---

ఆఫ్‌బీట్

సెట్టింగులు సరిచేసుకున్నా ఈ తేడా పూర్తిగా పోదు, పోనక్కర్లేదు కూడా. స్కా దగ్గరే ఎందుకు కలుస్తున్నారన్న దానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ అని లెక్కపెడుతూ నిలబడిన చోటే అడుగులు వెయ్యండి. జానీ రామోన్ ఒక్కో బారుకి, అంటే ఆ నాలుగు లెక్కలకి, ఎనిమిది దెబ్బలు వేస్తాడు, అన్నీ కిందికే, ఖాళీ అన్నది ఉండదు. స్కా గిటారు నాలుగే వేస్తుంది. అదీ మీ పాదం నేల మీద పడ్డప్పుడు కాదు, పైకి లేచినప్పుడు. వేసిన వెంటనే ఎడమచేతి పట్టు వదులు చేస్తారు, తీగ మోగకుండా ‘చక్’ అని తెగిపోతుంది. మిగిలిన ఆ ఖాళీలోనే బేస్ నడుస్తుంది, ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సోఫోన్ దూరి పాడుకోదగ్గ బాణీ ఒకటి ఇస్తాయి. పంక్ వినేవాళ్లకు కావలసిన చురుకు చెయ్యిలో ఉంది, పాప్ వినేవాళ్లకు కావలసిన హుక్ (మనసులో పట్టుకునే బాణీ ముక్క) ఊదే వాయిద్యాల్లో ఉంది. రామోన్స్‌లో ఆ రెండోదానికి చోటే లేదు, కావాలనే ఉంచలేదు.

స్పెషల్స్ వాళ్ల ‘ఎ మెసేజ్ టు యూ, రూడీ’ తీసుకోండి. డాండీ లివింగ్‌స్టన్ 1967లో పాడిన పాట అది. రెండు రికార్డుల్లోనూ ట్రాంబోన్ వాయించింది రికో రోడ్రిగెజే. రెండూ వెంటవెంటనే పెట్టుకుని వినండి. బాణీ అదే, ఊదినవాడూ అతనే, వెనకాల డ్రమ్స్, గిటారు కొరుకుడు మారింది. మీరు 8 వేసింది ఆ కొరుకుడికి, ఆయన 8 వేసింది ట్రాంబోన్‌కి అయ్యుండొచ్చు. అంకె కలిసింది కదా అని అభిరుచి కలిసిందనుకోకండి.

స్కా అంతా ఒకటి కాదు, అక్కడ బోల్తా పడతారు. అరవైల మొదట్లో జమైకాలో జాజ్ తెలిసిన వాద్యకారులు చేసింది ఒకటి. 1979లో కొవెంట్రీలో జెర్రీ డామర్స్ పెట్టిన టూ టోన్ లేబుల్ చుట్టూ, పంక్ తర్వాత వచ్చింది ఇంకొకటి. ఎనభైల చివర, తొంభైలలో అమెరికాలో వచ్చింది మూడోది, అందులో చరణం శుభ్రమైన ఆఫ్‌బీట్‌తో నడిచి, పల్లవికి డిస్టార్షన్ (గిటారును గరగరలాడించే పెడల్) తొక్కేస్తారు. స్పెషల్స్‌కి 8 వేసిన మనిషి ముందు తిన్నగా ఆపరేషన్ ఐవీ ‘ఎనర్జీ’ (1989) పెడితే మళ్లీ 4 దగ్గరికే వస్తారు. ఆ ఆల్బమ్ మీకోసం. అటువైపు వెళ్లాలంటే దారిలో రాన్సిడ్ వాళ్ల 1995 ఆల్బమ్ ‘అండ్ అవుట్ కమ్ ద వుల్వ్స్’ ఆపుకోండి. ‘ఎనర్జీ’ చేసినవాళ్లలో ఇద్దరు అందులో ఉన్నారు, ‘టైమ్ బాంబ్’ అచ్చంగా స్కా.

ఈలోపు వినాల్సినది ద బీట్ ‘ఐ జస్ట్ కాంట్ స్టాప్ ఇట్’ (1980). ‘మిర్రర్ ఇన్ ద బాత్‌రూమ్’ని బేస్ ఎలా లాక్కెళుతుందో గమనించండి, మోనో మర్చిపోకుండా. తర్వాత ద సెలెక్టర్ ‘టూ మచ్ ప్రెషర్’, అదే ఏడాది. పాలిన్ బ్లాక్ గొంతు ఇద్దరికీ నచ్చుతుందని నా పందెం.

---

మూడుకార్డులు

బేస్‌లైన్ గారూ, మోనో పెట్టాం. ఆయన 4 కాస్తా 6 అయింది, నా 9 ఎనిమిదిన్నరకు దిగింది. “పాటలన్నీ ఒకటే” అన్న మాట మాత్రం అలాగే ఉంది. సింగిల్స్ కూర్చిన సంకలనాలు లెక్కలోకి తీసుకోవచ్చా?

---

పాతక్యాసెట్

తీసుకోవచ్చు, కానీ వాటికి వేరే పట్టిక పెట్టండి. ఎందుకంటే మీకు బజ్‌కాక్స్ ‘సింగిల్స్ గోయింగ్ స్టెడీ’ (1979) చెప్పక తప్పదు, అది సంకలనమే. ఎనిమిది సింగిల్స్ ముందువైపు పాటలు ఒక పక్కన, వాటి వెనకవైపు పాటలు రెండో పక్కన. ఎక్కువగా ప్రేమ పాటలే, పల్లవి ఆలస్యం లేకుండా వచ్చేస్తుంది. మొదటి పక్క ఆయనది, రెండోది మీది అయ్యే అవకాశం చాలా ఉంది.

ఇక “అన్నీ ఒకటే” సంగతి. రామోన్స్ ఆల్బమ్ 14 పాటలు, అరగంట కూడా ఉండదు. ఒక్క దెబ్బకు వింటే పాప్ చెవి ఏడో పాటకే అలసిపోతుంది. సగం విని ఆపండి, మిగతాది మర్నాడు. ‘ఐ వానా బీ యువర్ బాయ్‌ఫ్రెండ్’ ఆయనకు ముందుగా విడిగా వినిపించండి, నెమ్మదిగా సాగే అరవైల తరహా ప్రేమ పాట. ‘లెట్స్ డ్యాన్స్’ అయితే 1962లో క్రిస్ మాంటెజ్ పాడిన పాప్ పాటే. ఆ రెండు ఆనవాళ్లు దొరికాక మిగతావాటి కింద ఉన్న పాప్ బాణీలు వినపడతాయి. ఆ తర్వాత 1980 నాటి ‘ఎండ్ ఆఫ్ ద సెంచరీ’. ఫిల్ స్పెక్టర్ ప్రొడక్షన్, అరవైల అమ్మాయిల బృందం రోనెట్స్ పాటకు తంత్రీ వాద్యాలు పెట్టి పాడారు. పంక్ అభిమానులు ముఖం చిట్లించే రికార్డు, కాబట్టి ఈసారి 4 మీ వైపు నుంచి రావచ్చు.

‘లండన్ కాలింగ్’ కూడా ఒకే విడతలో వినే సరుకు కాదు. డబుల్ ఆల్బమ్, 19 పాటలు, గంట దాటుతుంది. నాలుగు పక్కలుగా నాలుగు సార్లు వినండి. ఆయనకు ‘లాస్ట్ ఇన్ ద సూపర్‌మార్కెట్’, చివర్లో ‘ట్రెయిన్ ఇన్ వెయిన్’ దొరుకుతాయి. ‘రాంగ్ ఎమ్ బోయో’ దగ్గర ఇద్దరూ కలవాలి. అది ఒక పాట మొదలెట్టి, ఆపి, స్కాలోకి మళ్లుతుంది.

---

ఆఫ్‌బీట్

మార్కుల పద్ధతి గురించి ఒక్క మాట. పదికి ఒకే అంకె వేస్తే దేనికి వేశారో వారం తర్వాత గుర్తుండదు. బాణీ, తాళం, గొంతు, రికార్డింగ్ అని నాలుగు గడులు పెట్టి, ఒక్కోదానికి అయిదు వేసుకోండి. సగటు తీయకండి, తీస్తే తేడాలన్నీ చదునైపోతాయి. మీ ‘ట్రాజిక్ కింగ్‌డమ్’ 5 ఏ గడిలో పడిపోయిందో చూడాలనుంది. దాదాపు గంట ఆల్బమ్ కదా, నిడివికే పడిందేమో. ‘స్పైడర్‌వెబ్స్’, ‘ఎక్స్‌క్యూజ్ మీ మిస్టర్’, ‘సండే మార్నింగ్’ మూడే వినండి, మోనో తీసేసి, ఇద్దరికీ విడివిడిగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. అప్పటికీ తాళం గడిలో రెండుకు మించి రాకపోతే ఆ రికార్డు ఆయనకు వదిలెయ్యండి.