చందా పరుగు డబ్బు బ్లేడుకా, సాకెట్‌కా?

తెల్లారి_పరుగు:
డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం. ఆ చుట్టుపక్కల ఆదివారం ‘జవాన్ల కోసం పరుగు’ పెట్టి, పోగైన డబ్బుతో కాలు పోయిన మాజీ జవానుకి పరిగెత్తే కార్బన్ ఫైబర్ బ్లేడు కొని వేదిక మీద ఇవ్వడం సబబేనా? నా ఓటు బ్లేడుకే. కళ్లారా చూసినవాళ్లు వచ్చే ఏడు ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకొస్తారు.

సాకెట్_మాస్టారు:
సైజు చూసి కొనేయడానికి బ్లేడు చెప్పుల జత కాదండీ. మనిషి బరువు, పరుగు తీరు చూసి దాని గట్టిదనం ఎంచుతారు. మనిషి లావైనా చిక్కినా అది సరిపడకపోవచ్చు. పైగా దానికి మడమ లేదు, దాని మీద కదలకుండా నిలబడడం కష్టం. రోజూ నడవడానికి వేరే కాలు ఉండాల్సిందే.

అసలు పేచీ బ్లేడు పైనుండే సాకెట్‌ది, అంటే మిగిలిన కాలిని దూర్చుకునే గట్టి తొడుగుది. కాలు తీసేశాక మిగిలిన భాగం మొదటి ఏడాదంతా చిక్కుతూ పోతుంది. పొద్దున బిగుతుగా ఉన్న సాకెట్ సాయంత్రానికి వదులవుతుంది. అప్పుడు మేజోళ్లు ఒకదాని మీద ఒకటి తొడిగి సర్దుకుంటారు. పొరలు పెరిగిపోతున్నాయంటే కొత్త సాకెట్‌కి వేళయినట్టే. పరుగులో అడుగు పడ్డప్పుడల్లా ఒంటి బరువుకి రెండు మూడింతలు ఆ కాలి మీద పడుతుంది. సాకెట్ లోపల చర్మానికి ఆనుకుని తొడిగే మెత్తని లైనర్‌లో చెమట చేరిందా, కాలు పిస్టన్‌లా పైకీ కిందకీ జారి చర్మం లేచిపోతుంది. విప్పాక కనిపించే ఎరుపు పది పదిహేను నిమిషాల్లో పోతే ఫరవాలేదు. పోకపోతే, అందులోనూ ఎముక మొన దగ్గరైతే, పరుగు ఆపేయాలి.

మందుపాతర గాయం మరీ మొండిది. అతికించిన చర్మం, లోపల మిగిలిపోయిన తునకలు, కండలో కొత్తగా పెరిగే ఎముక. సాకెట్ ఎన్నిసార్లు మార్చాలో ముందే చెప్పలేం. ఆ మార్పులకి డబ్బు పక్కన పెట్టకుండా బ్లేడు చేతికిస్తే అది అటకెక్కుతుంది.

నిక్కచ్చి:
అసలిది సర్కారు పని కాదా? పుణెలో కృత్రిమ అవయవ కేంద్రం 1944 నుంచీ ఉంది. పింఛను ఉంది, పతాక దినం నిధి ఉంది. దేశం కోసం కాలిచ్చినవాణ్ణి తెచ్చి చందా డబ్బా పక్కన నిలబెడతారా?

సాకెట్_మాస్టారు:
కాలు సర్కారే ఇస్తుంది, కాదనను. శ్రీకాకుళం పల్లెలో ఉన్నాయనకి సాకెట్ ఒరుసుకుంటే పుణె ఎంత దూరం? రాత్రీ పగలూ రైలు, తోడు ఒక మనిషి, అక్కడ బస. అచ్చు తీయడం, తొడిగి చూడడం, అరగదీసి సర్దడం ఒక్క పూటలో అయ్యేది కాదు. చిన్న ఒరిపిడికి అంత దూరం ఎవరు వెళ్తారు? ఓర్చుకుంటారు, ఆనక కాలు తొడగడమే మానేస్తారు. చందా డబ్బు వెళ్లాల్సింది అక్కడికి.

గుండు_బాబాయ్:
మీరంతా పరుగు దగ్గరే ఆగిపోయారు. పతకాలు ఎక్కడొచ్చాయో చూడండి. హొకాటో హొతోజె సెమా అనే జవానుకి 2002లో మందుపాతర పేలి కాలు పోయింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఎఫ్57 (కూర్చుని విసిరేవాళ్ల విభాగాల్లో ఒకటి) షాట్‌పుట్‌లో 14.65 మీటర్లు విసిరి కాంస్యం తెచ్చాడు. కూర్చుని విసిరాడు, బ్లేడు ఊసే లేదు. అంతకుముందు, 1965 యుద్ధంలో తూటాలు తిన్న మురళీకాంత్ పేట్కర్ 1972 హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో స్వర్ణం కొట్టాడు.

కూర్చుని విసిరే ఫ్రేము, అంటే ఆ ఇనుప కుర్చీ, ఊళ్లో వెల్డింగ్ షాపులో అయిపోతుంది. ఇనుప పైపులు, ముందు చేత్తో పట్టుకోడానికి ఒక తిన్నని నిలువు కడ్డీ. కూర్చునే ఎత్తు మెత్తతో కలిపి 75 సెంటీమీటర్లు దాటకూడదు. వెల్డర్‌కి ‘75’ అని చెప్పి వచ్చారో, మెత్త వేశాక 78 తేలుతుంది, పోటీలో టేపు పెట్టి వెనక్కి పంపుతారు. మెత్త మందం ముందే తీసేసి కొలత ఇవ్వండి. నాలుగు మూలలా లారీ లోడుకి వాడే రాచెట్ బెల్టులతో నేలకి బిగించాలి. ఒక్కటి వదులైనా ఊపంతా ఫ్రేమే తినేస్తుంది. ఎఫ్57లో మగవాళ్ల గుండు 4 కిలోలు. విసిరేటప్పుడు పిర్రలు మెత్త మీంచి లేస్తే ఫౌల్.

పద్దుల_చిట్టా:
ముందు లెక్క చూడండి. వెయ్యిమంది, మనిషికి 800 రుసుము అనుకుందాం, 8 లక్షలు. టీషర్టు, మెడల్, టైమింగ్ చిప్, టిఫిను, అంబులెన్సు, బారికేడ్లకి మనిషికి 600 పోతే మిగిలేది 2 లక్షలు. పోస్టరు మీద ‘మీ రుసుమంతా జవాన్లకే’ అని వేయడం అబద్ధం. టీషర్టూ టిఫినూ ఇచ్చి తీసుకున్న డబ్బు విరాళం కాదు, దానికి ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు ఇవ్వకూడదు. విరాళానికి వేరే గడి పెట్టండి.

ఇంకోటి. మారథాన్ లాంటి ఒక్కరోజు తంతు సీఎస్సార్ (కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) కింద చెల్లదని కంపెనీ వ్యవహారాల శాఖ 2014లోనే చెప్పింది. కానీ కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో మాజీ సైనికుల సంక్షేమమూ ఉంది, పారాలింపిక్ క్రీడల శిక్షణా ఉంది. కాబట్టి పరుగు ఖర్చు కంపెనీ ప్రచార బడ్జెట్‌లోంచి, కోచ్ జీతం సీఎస్సార్‌లోంచి అడగండి. అప్పుడు జనం ఇచ్చిన విరాళం సాకెట్‌కీ రైలు టికెట్టుకీ మిగులుతుంది.

నిక్కచ్చి:
ఈ లెక్క పరుగైన నెలలోపు బయట పెడతామంటే నా పేచీ సగం తగ్గింది. మిగతా సగం సర్కారుతోనే.

తెల్లారి_పరుగు:
సరే. చక్రాల కుర్చీవాళ్లనీ పిలుద్దామంటున్నారు మావాళ్లు.

సాకెట్_మాస్టారు:
పిలవండి, కానీ వాళ్లని పది నిమిషాల ముందు వదలండి. వెన్నుపాము ఛాతీ ఎత్తున దెబ్బతిన్నవాళ్లకి గాయం కింది భాగంలో సరిగ్గా చెమట పట్టదు, ఒళ్లు వేడెక్కిపోతుంది. నీళ్లు చల్లే సీసాలు దారి పొడవునా ఉంచండి. తలపోటు, ముఖం ఎర్రబడడం కనిపిస్తే బీపీ ఎగబాకుతోందని అర్థం. పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టి మూత్రం గొట్టం మెలిక పడిందేమో ముందు చూడండి. తాత్కాలిక మరుగుదొడ్డికి మెట్టుంటే మీ ఏర్పాటంతా వృథా.

తెల్లారి_పరుగు:
అన్నీ బాగున్నాయి మాస్టారూ. వేదిక మీద ఇవ్వడానికి ఏదో ఒకటి లేకపోతే స్పాన్సరు రాడే!

గుండు_బాబాయ్:
ఫ్రేము పెట్టండి. వేదిక మీద కాదు, గ్రౌండులో బెల్టులు బిగించి. ఆ స్పాన్సరునే కూర్చోబెట్టి గుండు చేతికివ్వండి, పిర్రలు లేపకుండా ఎంత దూరం వేస్తాడో టేపు నేను పడతా.