ట్రిస్క్వెల్ 11లో 5 గిగాహెర్ట్జ్ వైఫై: ఏ కార్డు కొనాలి?

అమ్మ వాడే డెస్క్‌టాప్‌లో పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే (ఎవరైనా కోడ్ చూసి, మార్చుకుని, పంచుకోగలిగేది) ఉండాలన్న పట్టుదలతో, అలాంటి సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చే ట్రిస్క్వెల్ 11 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. తెలుగు టైపింగు, లిబ్రేఆఫీస్, ప్రింటరు అన్నీ సవ్యంగా పనిచేస్తున్నాయి గానీ, వైఫై కార్డు ఒక్క నెట్‌వర్కునూ చూపడం లేదు. బూట్ కాగానే కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) లాగ్‌లో స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ (కార్డు పనిచేయడానికి దానిలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాము) దొరకలేదన్న సందేశం కనిపిస్తోంది. ట్రిస్క్వెల్ వాడే లినక్స్-లిబ్రే కెర్నెల్ మూసిన (కోడ్ బయటపెట్టని) ఫర్మ్‌వేర్‌ను లోడ్ చేయదు కనుక, నా కార్డుకు కావలసిన ఆ ఫర్మ్‌వేర్ ఫైలును తెచ్చి ఫర్మ్‌వేర్ ఫోల్డరులో పెట్టినా ఫలితం లేకపోయింది. అదే కార్డు మరో లినక్స్ సిస్టమ్ అయిన డెబియన్ 12 లైవ్ పెన్‌డ్రైవ్‌తో వెంటనే కనెక్ట్ అయింది, ఎందుకంటే 2022లో జరిగిన ఓటింగు తర్వాత డెబియన్ అధికారిక ఇమేజిల్లోనే అటువంటి ఫర్మ్‌వేర్‌ను చేర్చుతోంది. ఈ సౌకర్యం కోసం స్వేచ్ఛను వదులుకోవడం నాకు సమ్మతం కాదు, అలాగని అమ్మ వీడియో కాల్స్ ఆగిపోకూడదు. ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ డాంగిల్‌కు స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ ఉన్నా, అది 2.4 గిగాహెర్ట్జ్‌కే పరిమితం. మా అపార్ట్‌మెంటులో ఆ బ్యాండు బాగా కిక్కిరిసి ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో, మూసిన ఫర్మ్‌వేర్ ఏదీ అవసరం లేకుండా ట్రిస్క్వెల్ 11లో మీరు స్వయంగా నడిపి చూసిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు ఏ చిప్‌సెట్‌తో వస్తుందో చెప్పగలరా?