వెలుతురు తక్కువగా ఉండే హాల్లో చేపల తొట్టె: మొక్కలు ఎందుకు కుళ్లిపోతున్నాయి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. సికింద్రాబాద్‌లోని మా ఫ్లాట్‌లో రెండడుగుల పొడవున్న గప్పీ చేపల తొట్టె ఉంది. హాల్లోకి ఎండ రాదు కనుక, తక్కువ వెలుతురులోనూ బతుకుతాయని దుకాణంలో చెప్పిన అనూబియాస్‌ను, రెండు క్రిప్టోకొరైన్ మొక్కలను తెచ్చి గులకరాళ్లలో లోతుగా నాటాను. పదిహేను రోజులు తిరిగేసరికి అనూబియాస్ ఆకులు ఊడి నీటిపై తేలాయి. లాగి చూస్తే కాండం మెత్తబడి మురుగు వాసన వేసింది. క్రిప్టోకొరైన్ ఆకులు కూడా జిగురుగా కరిగిపోతున్నాయి. వెలుతురు చాలడం లేదేమోనని ఎల్‌ఈడీ దీపాన్ని పొద్దుటి నుంచి రాత్రి పదింటి వరకు వెలిగిస్తుంటే, అద్దం నిండా పచ్చని నాచు పట్టింది. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టే ఉద్దేశం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం 1

మీ అనూబియాస్‌ను చంపింది చీకటి కాదండీ, గులకరాళ్లు. పశ్చిమ ఆఫ్రికా వాగుల్లో రాళ్లను, దుంగలను పట్టుకుని పెరిగే ఈ మొక్కకు పసుపు కొమ్ములా అడ్డంగా పాకే కాండం ఉంటుంది. వేళ్లు రాళ్లలోకి దిగినా ఇబ్బంది లేదు కానీ, ఆ కొమ్మును పూడిస్తే కుళ్లుతుంది. మెత్తబడిన భాగాన్ని కొత్త బ్లేడుతో, గట్టి భాగం తగిలేదాకా కోసేసి, మిగిలినదానికి రెండు మూడు ఆకులే ఉన్నా సరే, నూలుదారంతో ఒక రాయికి కట్టండి. జావా ఫెర్న్ అనే మొక్కనూ ఇలాగే కట్టాలి. దాని ముదురు ఆకుల అడుగున వరుసగా గోధుమరంగు చుక్కలు కనిపిస్తే తెగులు అనుకోకండి, అవి సిద్ధబీజాలు. ఆ సంగతి తెలియక నేను మొదటి ఏడాది మంచి ఆకులన్నీ తుంచి పారేశాను.

సమాధానం 2

క్రిప్టోకొరైన్‌ను మాత్రం పీకవద్దు. నర్సరీల్లో వీటిని చాలావరకు నీటి పైన, తేమగాలిలో పెంచుతారు. తొట్టెలో మునిగాక పాత ఆకులను వదిలేసి, నీటికి తగిన కొత్త ఆకులు వేసుకుంటాయి. చోటు మార్చినా ఇలాగే కరుగుతాయి కనుక, వేళ్లు తెల్లగా ఉన్నంతకాలం నెలరోజులైనా ఓపిక పట్టండి. కరిగిన ఆకులను తీసేసి, మొక్క మొదలు దగ్గర గులకరాళ్లలో ఒక ఎరువు మాత్రను గుచ్చండి. దీపం ఆరేడు గంటలు చాలు. నెమ్మదిగా పెరిగే మొక్కలు వాడుకోలేని వెలుతురు నాచుకే పనికొస్తుంది.

సమాధానం 3

మీది బోరు నీరైతే వాలిస్నేరియా అనే నీటి మొక్కను కూడా ప్రయత్నించండి. బోరు నీటి వంటి కఠిన జలంలోని బైకార్బనేట్ల నుంచి కార్బన్ తీసుకోగలదు కాబట్టి దానికి సిలిండరు అక్కరలేదు. ఇది మన చెరువుల్లోనూ దొరుకుతుంది గానీ, అక్కడి నుంచి నేరుగా తెచ్చి వేయకండి. దానితో వచ్చే తూనీగ పిల్లపురుగులు గప్పీ పిల్లలను తినేస్తాయి. ద్రవ కార్బన్ పేరుతో అమ్మే మందు పోస్తే మాత్రం వాలిస్నేరియా ఆకులు కరిగిపోవచ్చు.

అడిగినవారు

మాకు బోరు నీరే. అనూబియాస్‌లో రెండంగుళాల గట్టి ముక్క మూడు ఆకులతో మిగిలింది. దారం చుట్టి ఫిల్టరు పక్కనున్న రాయిపై కూర్చోబెట్టాను. క్రిప్టోకొరైన్ మొదట్లో గులకరాళ్లను కాస్త జరిపి చూస్తే, వేళ్లు తెల్లగానే ఉన్నాయి. దీపానికి టైమరు రేపు తెస్తాను.