కంపెనీల సీజన్ టికెట్లకి హద్దు ఉండాలా?

కోటగుమ్మం:
పొద్దున్న ఎనిమిదిన్నరకి టీవీలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో గోల్డెన్ స్టేట్ టీము మ్యాచ్ పెట్టి, మూడో క్వార్టర్ మొదట్లో కోర్టు పక్క వరసలు చూడండి. కుర్చీలున్నాయి, మనుషుల్లేరు. 41 హోమ్ మ్యాచ్‌లకీ సీట్లు కంపెనీలు ఒక్క దెబ్బకి కొనేస్తే ఇంతే. హద్దు పెట్టాలి.

మూడులాంతర్లు:
హాఫ్‌టైమ్ 15 నిమిషాలే. స్టేడియం లోపలి క్లబ్బులో తిండి, టీవీ అన్నీ ఉంటాయి. ప్లేటు సగంలో వదిలేసి ఎవడొస్తాడు? ఇంకో అయిదు నిమిషాలాగి చూడు. కంపెనీ డబ్బు సీజన్‌కి ముందే చేతికొస్తుంది, టీము ఓడినా వెనక్కివ్వక్కర్లేదు. 2018 నుంచి అమెరికాలో వినోదం ఖర్చు మీద ఉండే 50 శాతం పన్ను మినహాయింపు కూడా తీసేశారు. అయినా కొంటున్నారంటే సొంత డబ్బే కదా.

కోటగుమ్మం:
తిండి సంగతి కాదిది. రెండు సీట్లంటే ఏడాదికి 82 టికెట్లు. పెద్ద టీము వస్తే మేనేజరు తీసుకుంటాడు. మంగళవారం చిన్న టీముతో మ్యాచయితే ఆఫీసులో ఎవడూ అడగడు. సాయంత్రం గుర్తొచ్చి ఫోన్లో ఎవరికో పంపేసరికి ఆట మొదలైపోతుంది. 2019లో గోల్డెన్ స్టేట్ ఓక్‌లాండ్ వదిలి శాన్‌ఫ్రాన్సిస్కోలో చేజ్ సెంటర్‌కి వెళ్లినప్పుడు సీట్లు 19,596 నుంచి 18,064కి తగ్గాయి. టికెట్ల మీద మెంబర్‌షిప్ సొమ్ము వేరే కట్టాలి, అది 30 ఏళ్లకి వడ్డీ లేకుండా తిరిగిస్తారట! అలాంటి చేబదులు జీతగాడివ్వగలడా?

నాగావళి_గట్టు:
రథసప్తమికి అరసవల్లిలో పాసుల లైను చూసినోళ్లకి ఇది కొత్తేటి?

మూడులాంతర్లు:
లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్ టీము స్టేడియం ఇంటూయిట్ డోమ్ చూడు. 2024లో తెరిచారు. ఒక రింగ్ వెనక 51 వరసలు ఏకవాలుగా, మధ్యలో డబ్బున్నోళ్ల ప్రత్యేక గదులు లేకుండా కట్టారు. దగ్గర దగ్గర 4,500 సీట్లు, అవతలి టీము జెర్సీతో అక్కడికి రానివ్వరు. ఇదంతా ఓనరు ఇష్టంతో చేసిందే. రూలెందుకు?

కోటగుమ్మం:
రింగ్ వెనక! సైడ్‌లైన్, అంటే కోర్టు పొడుగు గీత, పక్కన కాదుగా.

బెంచి_మీదోడు:
ఫౌలుకిచ్చే ఫ్రీ త్రోలకి గోల చెయ్యాల్సింది రింగ్ వెనకే బాబూ.

కోటగుమ్మం:
సైడ్‌లైన్ గురించి అడిగాను.

మూడులాంతర్లు:
అక్కడికే వస్తావని తెలుసు. నీ ఏడుపు ఓక్‌లాండ్ గురించి కాదు, మన టోర్నీలో స్పాన్సర్లకి వేసిన సోఫాల గురించి. ఆ మాట అనెయ్.

కోటగుమ్మం:
అవును, అదే. కోర్టు 28 మీటర్లు, 15 మీటర్లు. గీతకి 2 మీటర్ల ఖాళీ వదిలాక సోఫాలేశారు. గ్యాలరీ మొదటి మెట్టు అడుగున్నర, దాని మీద కూర్చున్న పిల్లాడి కన్ను ఇంకో రెండున్నర అడుగులు. సోఫాలో పెద్దమనిషి తల కూడా సరిగ్గా నాలుగడుగులే. దగ్గరి సైడ్‌లైన్ కనపడి చావదు. ఆ మెట్టు మీద కూర్చునేది రోజూ కోర్టు తుడిచే పిల్లలు.

మూడులాంతర్లు:
బంతులు, నెట్లు, రిఫరీల భత్యం ఎవరిచ్చారు? డబ్బిచ్చినోడు ముందు కూర్చుంటాడు. రాకపోయినా ఆ సీటు అతనిదే.

కోటగుమ్మం:
చూశావా, పేచీ ఇక్కడుంది. రానోడికి సీటేంటి?

విజిల్_రిఫరీ:
ఇద్దరూ ఆగండి. 2019 అక్టోబరులో ముంబైలో ఎన్‌బీఏ టీములు శాక్రమెంటో, ఇండియానా ఆడినప్పుడు మొదటి మ్యాచ్ బడిపిల్లలకే ఇచ్చారు, రెండోదానికి టికెట్లమ్మారు. మనకి అంత అక్కర్లేదు. సోఫాలు పై మెట్టు వెనక్కి ఎక్కించండి, రింగ్ వెనక బేస్‌లైన్ వైపు మాత్రం వద్దు, పరిగెత్తుకొచ్చి రింగులో బంతి వేసే లేఅప్‌కి ఊపుతో వచ్చినోడు వాటి మీదే పడతాడు. పాసుకి నంబరు, తేదీ వెయ్యండి. మొదటి క్వార్టర్ 10 నిమిషాలు అయ్యేసరికి రాకపోతే ఆ చోటు పిల్లలకి. గేటు దగ్గర కౌంటర్‌ఫాయిల్ చింపడానికి ఒక మనిషి ఉండి తీరాలి. నంబరు లేకపోతే ఒక్క పాసు మీద కమిటీ బంధువులు నలుగురొస్తారు.

మూడులాంతర్లు:
పై మెట్టు ఎక్కుతాడా ఆ స్పాన్సరు? బ్యానరు తనకి ఎదురుగా కనపడాలంటాడు.

కోటగుమ్మం:
అవతలి గోడకి కట్టండి, పైనుంచి ఇంకా బాగా కనపడుతుంది.

బెంచి_మీదోడు:
సరే, ఎవులు చెప్తారు ఆయనకి?