జులైలో నార్త్ కాలిఫోర్నియా సముద్రంలో దిగొచ్చా? మామయ్యగారు పట్టుబట్టారు

భీమిలి కోడలు:
మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా మామయ్యగారు భీమిలిలో పుట్టి పెరిగారు, సముద్రంలోనే ఈత నేర్చుకున్నారు. మొన్న ఆదివారం ఇంటి దగ్గర మాడు పగిలే ఎండ కదా అని శాన్ ఫ్రాన్సిస్కో ఓషన్ బీచ్‌కి వెళ్తే అక్కడంతా పొగమంచు. పంచె ఎగ్గట్టి నాలుగడుగులు వేశారో లేదో, నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతారు. "ఇది సముద్రమా, ఫ్రిజ్‌లో పెట్టిన బిందెడు నీళ్ళా?" అన్నారు. అయినా నాలుగు రోజులైతే అలవాటవుతుందట. మా ఆయన ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

శాన్ డియేగో రాజు:
మీ ఆయనకే నా ఓటు. మీ దగ్గర సముద్రపు నీళ్ళు 12, 13 డిగ్రీలు (సెల్సియస్‌లోనే చెప్తున్నా). మా దగ్గర ఆగస్టులో 20 పైనే. 2018 ఆగస్టులో అయితే ఇక్కడి స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) దగ్గర 26 దాకా వెళ్ళింది. అక్కడ 1916 నుంచి రోజూ కొలుస్తున్నారు. మీ నుంచి ఇటు దక్షిణంగా వస్తూ పాయింట్ కన్సెప్షన్ అనే కొన దాటాక తీరం తూర్పుకి తిరుగుతుంది, ఉత్తరం నుంచి వచ్చే చల్లటి ప్రవాహం చాలావరకు దూరంగానే పోతుంది. ఆయన్ని ఇటు తీసుకురండి.

చన్నీళ్ళ పిచ్చోడు:
మామయ్యగారూ, మీరు దిగండి! నేను వారానికి మూడుసార్లు శాన్ ఫ్రాన్సిస్కోలోనే అక్వాటిక్ పార్క్‌లో ఈదుతాను, వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్) లేకుండా. అక్కడి ఈతగాళ్ళ సంఘం డాల్ఫిన్ క్లబ్ 1877 నాటిది. మొదటిరోజు నాలుగు నిమిషాలే ఉన్నా. దిగగానే ఊపిరి ఎగదన్నుతుంది, అది తగ్గేదాకా కదలకుండా నిలబడాలి. తమాషా ఏంటంటే అసలు వణుకు బయటికొచ్చాక మొదలవుతుంది. పది నిమిషాల తర్వాత చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా నా వల్ల కాలేదు. నెలలో అలవాటైపోయింది.

భీమిలి కోడలు:
ఆయనకి 64 అండీ. బీపీ మాత్రలు వాడతారు.

చన్నీళ్ళ పిచ్చోడు:
అమ్మో, అది ముందు చెప్పాలి కదండీ. చన్నీళ్ళు ఒక్కసారి తగిలితే బీపీ, గుండె వేగం రెండూ పెరుగుతాయి. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. డాక్టర్‌ని అడక్కుండా వద్దు.

సర్ఫ్ నేర్చుకుంటున్నా:
అందరూ చలి దగ్గరే ఆగిపోయారు. అక్వాటిక్ పార్క్ బే లోపల, అలలు తగలని చోటు. ఓషన్ బీచ్ నేరుగా పసిఫిక్‌కి ఎదురుగా ఉంది. ఈదినవాళ్ళే కాదు, ఒడ్డున నీళ్ళలో నడిచినవాళ్ళు కూడా చనిపోయారని అక్కడ బోర్డే పెట్టారు. ఈత బాగా వచ్చినవాళ్ళతోనే నాకు భయం. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో నీళ్ళు నిశ్చలంగా కనిపిస్తే అక్కడే దిగుతారు. చాలాసార్లు లోపలికి లాగే రిప్ కరెంట్ అక్కడే ఉంటుంది. దానికి ఎదురీదితే ఎంతటివాడికైనా ఓపిక అయిపోతుంది. ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడాలి. చన్నీళ్ళలో చేతులు మొద్దుబారితే ఆ పనీ కాదు.

శాన్ డియేగో రాజు:
నేను చెప్పిందీ అదేగా!

సర్ఫ్ నేర్చుకుంటున్నా:
కాదన్నా. రిప్ మీ దగ్గరా ఉంటుంది, నీళ్ళు వెచ్చగా ఉన్నాయని వదిలిపెట్టదు. లైఫ్‌గార్డ్ ఉన్న బీచ్ చూసుకోవాలి. మాకు దగ్గర్లో అయితే శాంటా క్రూజ్‌లో కౌల్ బీచ్. దక్షిణానికి తిరిగి ఉంటుంది కాబట్టి వేసవిలో అలలు సాధు. 4/3 మిల్లీమీటర్ల (ఒంటి దగ్గర 4, చేతులు కాళ్ళ దగ్గర 3 మందం) వెట్‌సూట్ అద్దెకి దొరుకుతుంది. ఇంకోటి, జులై తొందర. వసంతంలో, వేసవిలో వాయవ్యం నుంచి గాలి తీరం వెంట వీస్తూ పైనున్న నీళ్ళని సముద్రంలోకి నెడుతుంది, అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి. అందుకే ఇక్కడ మే నెల నీళ్ళు డిసెంబర్ నీళ్ళకంటే చల్లగా ఉంటాయి. గాలి తగ్గాక, సెప్టెంబర్‌లో రండి.

భీమిలి కోడలు:
ఆయన రిటర్న్ టికెట్ ఆగస్టు 28! మంగళవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, సరే అంటే శాంటా క్రూజే. వెట్‌సూట్ ఫోటో చూపించాను. "ఇది తొడుక్కున్నానని తెలిస్తే భీమిలిలో తలెత్తుకోగలనా, ఫోటోలు మాత్రం తీయకండి" అన్నారు.