తక్కువ ఖర్చులో కొండ నడకకు సామాను: ముందు ఏది కొనాలి?

ప్రశ్న: కొండల్లో రెండు రాత్రులు బస చేసే నడకకు మొదటిసారి వెళ్తున్నాను. పగటి నడక అలవాటే, కానీ ఆరుబయట ఎప్పుడూ పడుకోలేదు. రాత్రి చలి 5 డిగ్రీల దాకా దిగుతుందట. మంచి టెంటు కొంటే స్లీపింగ్ బ్యాగ్‌కు డబ్బు మిగలదు. దేనికి ముందు ఖర్చు పెట్టాలి?

జవాబు: ఒంటి కింద పరుచుకునే మ్యాట్ ఊసే మీరు ఎత్తలేదు. నా మొదటి ప్రయాణంలో నేనూ దాన్ని లెక్కచేయక, మందపాటి బ్యాగ్‌లో దూరి కూడా తెల్లవార్లూ వణికాను. బ్యాగ్ వెచ్చదనమంతా దాని పొరల్లో నిలిచే గాలిదే. మన బరువుకు వీపు కింద ఆ పొర అణిగిపోతుంది, ఇక నేల ఒంట్లోని వేడిని లాగేస్తూనే ఉంటుంది. అందుకే మొదటి ఖర్చు మ్యాట్‌కే పెట్టండి. దాని మీద ‘ఆర్ వాల్యూ’ అనే అంకె ఉంటుంది. ఎంత ఎక్కువైతే నేల చలిని అంత ఆపుతుంది. మీకు 2 నుంచి 3 మధ్య ఉంటే చాలు. మడతపెట్టే ఫోమ్ మ్యాట్ చవక, పైగా ముల్లు గుచ్చుకున్నా గాలి పోయే భయం లేదు. ఒకటి చాలదనిపిస్తే రెండు పరవండి, ఆ అంకెలు కలిసిపోతాయి.

బ్యాగ్ మీద ‘కంఫర్ట్’, ‘లిమిట్’ అని రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుని ఎలాగో నెట్టుకురాగల చలి. కంఫర్ట్ అంటే హాయిగా నిద్రపట్టే చలి. మీరు చూడవలసింది అదే. ఈకల బ్యాగ్ తేలికే గానీ తడిస్తే చతికిలబడుతుంది. సింథటిక్ బరువెక్కువ, ఖరీదు తక్కువ, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. మొదటిసారికి అదే మేలు. టెంటు అరువు తెచ్చుకోండి.

అడిగినవారు: మిత్రుడి పాత టెంటు దొరుకుతుంది. వానకు ఆగుతుందా? అడుగున వేయడానికి పెద్ద ప్లాస్టిక్ షీటు కూడా ఉంది.

మరొకరి జవాబు: షీటును టెంటు అడుగుకన్నా నాలుగు వేళ్లు లోపలికే ఉండేలా కత్తిరించండి. అంచు బయటికి వస్తే పైనుంచి జారిన వాన నీళ్లన్నీ మీ పక్క కిందికే చేరతాయి. టెంటును ఇంటి దగ్గరే వేసి, పైన నీళ్లు పోసి, లోపల కుట్ల వెంట చేత్తో తడమండి. కారితే సీమ్ సీలర్, అంటే కుట్ల సందులు మూసే జిగురు రాయాలి. సిలికాన్ పూత ఉన్న బట్టకు సిలికాన్ సీలరే పట్టుకుంటుంది. లోపలి పూత జిగురుగా మారి పెచ్చులూడుతుంటే మాత్రం ఆ టెంటును నమ్మకండి.

తెల్లవారి లోపల తడి కనిపిస్తే చిల్లి పడిందని కంగారు పడకండి. చాలాసార్లు అది మన ఊపిరిలోని తేమే. చలిగా ఉన్నా గాలి కంతలు మూయకండి. టెంటులో స్టవ్ వెలిగించవద్దు, వాన పడుతున్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అడిగినవారు: నీళ్లు పోసి చూశాను. ఒక మూల కుట్టు దగ్గర కారింది. సీలర్ రాసి ఆరబెట్టాను. ఫోమ్ మ్యాట్ కొన్నాను, మిగిలిన డబ్బు బ్యాగ్‌కే.

జవాబు: బ్యాగ్‌ను మందపాటి పాలిథిన్ సంచిలో మూతి బిగించి సర్దండి. వీపు సంచి తడిసినా రాత్రికి పొడి పక్క మిగులుతుంది.