మూడున్నరేళ్ల పాప రాత్రి 11 దాటినా పడుకోవట్లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మేముండేది విజయవాడలో. పాపకి మూడున్నరేళ్లు, బాబుకి 10 నెలలు. సంక్రాంతికి ఊరెళ్లొచ్చిన దగ్గర్నుంచి పాప నిద్ర తలకిందులైంది. అక్కడ అమ్మమ్మ పక్కన కథలు వింటూ ఎప్పుడో పడుకునేది, ఎవరూ ఏమనలేదు. ఇప్పుడు లైటు తీస్తే మంచినీళ్లంటుంది, తాగాక ఒంటికంటుంది, ఆ తర్వాత "ఇంకొక్క కథ". ఈ గోలకి బాబు లేచి కూర్చుంటాడు. పొద్దున 7:30కి లేపాలంటే యుద్ధమే. ఆటో అంకుల్ 8:30కల్లా హారన్ కొట్టేస్తాడు, ఇడ్లీ సగం నోట్లో, సగం డబ్బాలో.

ఈ వయసుకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలంటారు. స్కూల్ నుంచొచ్చి మూడు నుంచి ఐదున్నర దాకా పడుకుంటుంది కాబట్టి దాని లెక్క సరిపోతోంది, నాకే సరిపోవట్లేదు! మధ్యాహ్నం నిద్ర మాన్పించి చూశా. ఆరింటికే అన్నం పళ్లెం ముందు తూగింది, ఎనిమిదింటికి లేచి ఆటలు మొదలు. "పిల్ల నిద్ర చెడగొట్టకమ్మా" అని అత్తయ్యగారు.

మధ్యాహ్నం కునుకుని గంటకి తగ్గించినవాళ్లున్నారా? ఏడవకుండా ఎలా లేపారు? ఇద్దరూ ఒకే గదిలో ఉంటే ముందు ఎవర్ని పడుకోబెడతారు? ఫోన్ చూపించమని మాత్రం చెప్పకండి, అది మాన్పించడానికే ఆర్నెల్లు పట్టింది.